పాత లోగిళ్లు, పాత చర్చిలు: నలుపు తెలుపు ఫిల్మ్‌పై తీసే పద్ధతి

పాత కట్టడాల ఫోటోలు ఎక్కువగా రెండు చోట్ల చెడిపోతాయి. ఒకటి, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వాలిపోతుంది. రెండోది, కిటికీ బాగా వస్తే గది మసిబొగ్గవుతుంది, గది బాగా వస్తే కిటికీ తెల్లకాగితమవుతుంది. ఈ రెండింటినీ షట్టర్ నొక్కక ముందే తేల్చుకోవాలి. డార్క్‌రూమ్‌లో కొంత సర్దుకోవచ్చు గానీ, ఫిల్మ్ మీదికి రాని నీడను ఎవరూ తెచ్చిపెట్టలేరు.

లెక్కలన్నిటికీ ఉదాహరణగా మెదక్ చర్చిని తీసుకుందాం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఈ కెథడ్రల్ వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురంతో ఉంటుంది. ఇంగ్లండ్‌లో వెల్స్, ఈలీ లాంటి కెథడ్రల్స్‌కి వెళ్లే తెలుగువాళ్లకీ ఇవే లెక్కలు పనికొస్తాయి. అక్కడ వెలుగు ఇంకా తక్కువ కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫిల్మ్‌కి వెలుగు తగలనిచ్చే సమయం) మరికాస్త పొడవవుతుంది, అంతే.

ఫిల్మ్, సరంజామా

ట్రైపాడ్ పెట్టనిస్తే ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ (125 స్పీడ్, అంటే వెలుగుని పట్టే వేగం) తీసుకోండి. గ్రెయిన్ సన్నగా ఉంటుంది, ఎక్స్‌పోజర్ కాస్త అటూఇటూ అయినా ఓర్చుకుంటుంది. ట్రైపాడ్ కుదరదంటే హెచ్‌పీ5 ప్లస్ (400) తప్ప దారి లేదు. అప్పుడు కూడా కెమెరాని బెంచీ మీదో, స్తంభానికి ఆనించో పెట్టండి. ఫోమాపాన్ 100 చవక, బయటి ఎండలో చక్కని ఫిల్మ్. కానీ చర్చి లోపలికి తీసుకెళ్తే ఎంత తిప్పలు పెడుతుందో కింద చెబుతాం.

35 ఎంఎం కన్నా వెడల్పైన 120 ఫిల్మ్ మేలు. చెక్కడం, పెంకుల వరస, గచ్చు పగుళ్లు అన్నీ చిన్న చిన్న వివరాలే కదా. అయితే 35 ఎంఎంతో పని జరగదని కాదు. 28 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 11 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర ఉంచి 2.4 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే సుమారు 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా ఉంటుంది. ముందున్న బెంచీ, చివరున్న వేదిక రెండూ అందులోకి వస్తాయి. పెద్ద ప్రింట్ వేయాలనుకుంటే ఇంకో స్టాప్ మూసి (ఒక స్టాప్ అంటే వెలుగు సగమవడం లేదా రెట్టింపవడం) ఎఫ్ 16 పెట్టండి. 35 ఎంఎంలో ఎఫ్ 22కి మాత్రం పోవద్దు, డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం బొమ్మ మెత్తబడుతుంది.

వీటితోపాటు కేబుల్ రిలీజ్ (కెమెరాని తాకకుండా షట్టర్ నొక్కే తీగ), స్పిరిట్ లెవల్, చిన్న టార్చి, లెన్స్ హుడ్, అరచేతి కన్నా కాస్త పెద్దదైన నల్ల అట్టముక్క సంచిలో ఉండాలి. ట్రైపాడ్ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయండి. నున్నటి టైల్స్ మీద ఇనుప మొనలు జారతాయి, గీతలు కూడా పడతాయి. ట్రైపాడ్‌కి విడిగా అనుమతి అడగాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. ముందురోజే అడిగి పెట్టుకోండి. ఆదివారం ఆరాధన వేళల్లో, క్రిస్మస్ వారంలో లోపల కెమెరా కాళ్లు చాపే జాగా ఎలాగూ దొరకదు.

నిటారు

గోడలు వాలిపోవడానికి కారణం లెన్స్ కాదు, కెమెరాని పైకి ఎత్తడం. ఫిల్మ్ తలం గోడకి సమాంతరంగా, అంటే నిట్టనిలువుగా ఉన్నంతసేపూ నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. ఎత్తగానే అవి పైన కలుసుకోవడం మొదలుపెడతాయి. కాబట్టి ముందు కెమెరాని స్పిరిట్ లెవల్‌తో సరిచేయండి, తర్వాతే బొమ్మ ఎంతవరకు పడుతుందో చూడండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

కెమెరా సమంగా ఉంటే కంటి ఎత్తు గీత ఫ్రేమ్ మధ్యలో పడుతుంది. కింది సగమంతా నేలే. మెదక్ గోపురం సుమారు 53 మీటర్లు. 35 ఎంఎం కెమెరాని నిలువుగా పట్టి, ఎత్తకుండా గోపురం కొన దాకా ఇమడ్చాలంటే 28 ఎంఎం లెన్స్‌తో 80 మీటర్లు, 35 ఎంఎంతో 100 మీటర్లు, 50 ఎంఎంతో 140 మీటర్లకు పైగా వెనక్కి నడవాలి. లెక్క ఇదీ: కంటి ఎత్తు తీసేశాక మిగిలిన ఎత్తుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో గుణించి, ఫ్రేమ్ ఎత్తులో సగంతో (18 మి.మీ.) భాగించాలి. దీన్ని కాగితం మీద రాసుకుని వెళ్తే అక్కడ అటూఇటూ పరుగెత్తే పని తప్పుతుంది.

షిఫ్ట్ లెన్స్ (కెమెరాని ఎత్తకుండా పైకి జరపగలిగే లెన్స్) ఉంటే ఆ నేల భాగాన్ని వదిలించుకోవచ్చు. పాత 35 ఎంఎం పీసీ నిక్కోర్‌ని 8 మి.మీ. పైకి జరిపితే అదే గోపురం సుమారు 70 మీటర్ల నుంచే పట్టేస్తుంది. జరిపే ముందే మీటర్ రీడింగ్ తీసుకోండి, జరిపాక లోపలి మీటర్ తప్పు చెబుతుంది. వ్యూ కెమెరా (బెలోస్ ఉన్న పెద్ద కెమెరా) అయితే లెన్స్ ఉన్న ముందు పలకని పైకి లేపితే చాలు. ఇవేమీ లేకపోతే ఎదురుగా మేడ మెట్లో, డాబానో వెతకండి. కట్టడం ఎత్తులో మూడో వంతు దాకా ఎక్కగలిగితే సమస్య సగం తీరిపోతుంది. అదీ లేకపోతే వెడల్పు లెన్స్‌తో తీసి, ప్రింట్‌లో కింది నేలను కత్తిరించండి.

లోపల నడవా మధ్య గీత మీద నిలబడి తీసే బొమ్మలో రెండు అంగుళాల తేడా కూడా ఇట్టే తెలిసిపోతుంది. టైల్స్ మీది నమూనా మధ్య గీతని పట్టుకుని, దాని మీద ట్రైపాడ్ మధ్య కడ్డీ వచ్చేలా నిలబెట్టండి. తర్వాత రెండు వైపులా ఒకే వరస స్తంభాలు ఫ్రేమ్ అంచులకి సమదూరంలో ఉన్నాయో లేదో చూడండి. ఒకవేళ అలా రాకపోతే పట్టుబట్టకండి. నడవా నుంచి నాలుగడుగులు పక్కకి జరిగి, నిక్కచ్చిగా పక్క కోణంలోనే తీయండి. మధ్యలో ఉన్నట్టూ లేనట్టూ ఉండే బొమ్మ కన్నా అది నయం.

లోపలి చీకటిని కొలవడం

కెమెరా మీటర్‌కి కిటికీ కనిపిస్తే చాలు, గదిని వదిలేస్తుంది. అందుకే స్పాట్ మీటర్‌తో (ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే మీటర్) ముఖ్యమైన నీడని విడిగా కొలవాలి. స్పాట్ మీటర్ లేకపోతే కెమెరాని ఆ నీడ దగ్గరికి తీసుకెళ్లి, ఫ్రేమంతా నీడే నిండేలా పట్టి కొలవండి. ముఖ్యమైన నీడ అంటే నల్లగా ఉన్నా అందులో చెక్క గీతలు కనిపించాలని మీరు కోరుకునే చోటు. బెంచీ కింద, స్తంభం వెనక, అలాంటివి. అట్టడుగు చీకటి మూల కాదు.

ఉదాహరణకి 125 స్పీడ్ దగ్గర ఎఫ్ 11కి బెంచీ కింద మీటర్ 32 సెకన్లు చూపించిందనుకోండి. మీటర్ దేన్ని చూసినా మధ్య బూడిద రంగు చేయాలనుకుంటుంది. మనకి అక్కడ ముదురు రంగు కావాలి కాబట్టి రెండు స్టాప్‌లు తగ్గించండి: 32, 16, 8. అంటే 8 సెకన్లు. అదే సమయంలో కిటికీ దగ్గర మీటర్ సెకనులో ముప్ఫయ్యో వంతు చూపిస్తే, నీడకీ కిటికీకీ మధ్య పది స్టాప్‌ల తేడా ఉన్నట్టు. ఆ కిటికీ మన ఎక్స్‌పోజర్‌కి ఎనిమిది స్టాప్‌లు పైన పడుతుంది. ఎంత తక్కువ డెవలప్ చేసినా మామూలు ప్రింట్‌లోకి అది పూర్తిగా దిగదు.

అప్పుడేం చేయాలి? అన్నిటికన్నా మంచి ఉపాయం, స్తంభం కిటికీని కప్పేలా ఒక అడుగు జరగడం. కిటికీ కనబడదు, దాని వెలుగు మాత్రం నేల మీద, పక్క స్తంభం మీద పడుతూనే ఉంటుంది. బొమ్మకి నిజంగా కావలసింది ఆ వెలుగే. రెండోది, మబ్బు పట్టిన రోజు కోసం లేదా సాయంత్రం వెలుగు తగ్గేదాకా ఆగడం. లోపల దీపాలు వెలిగించి ఉంటే సంధ్యవేళ లోపలా బయటా వెలుగు ఒక పావుగంటపాటు దగ్గరదగ్గరగా ఉంటుంది. అంతకుమించి ఉండదు కాబట్టి కెమెరాని ముందే సిద్ధం చేసుకుని కూర్చోవాలి. మూడోది, కిటికీ తెల్లగా పోతుందని ఒప్పుకుని, దాన్ని ఫ్రేమ్‌లో చిన్నదిగా, ఒక మూలన ఉంచడం.

8 సెకన్లని మీటర్ చెప్పిందని 8 సెకన్లే ఇవ్వకూడదు. ఒక సెకను దాటితే ఫిల్మ్ స్పీడ్ తగ్గిపోతుంది. ఇల్ఫర్డ్ వాళ్ల సూత్రం ప్రకారం కొలిచిన సమయాన్ని ఎఫ్‌పీ4 ప్లస్‌కి 1.26 ఘాతానికి, హెచ్‌పీ5 ప్లస్‌కి 1.31 ఘాతానికి పెంచాలి. ఎఫ్‌పీ4 ప్లస్‌కి ఈ పట్టీ కెమెరా సంచికి అంటించుకోండి:

4 సెకన్లకి 6
8 సెకన్లకి 14
15 సెకన్లకి 30
30 సెకన్లకి 73
60 సెకన్లకి 174

కొడాక్ టీ-మ్యాక్స్ 100కి ఈ బాధ చాలా తక్కువ: 10 సెకన్లకి 15, వంద సెకన్లకి రెండు వందలు. ఫోమాపాన్ 100 మాత్రం 10 సెకన్లని 80 సెకన్లు చేస్తుంది. లోపలి పనికి దాన్ని వద్దనడానికి కారణం ఇదే. ఇంకో సంగతి: పొడవు ఎక్స్‌పోజర్‌లో నీడలు ఎక్కువ నష్టపోతాయి, వెలుగులు తక్కువ నష్టపోతాయి. దాంతో కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) దానంతటదే పెరుగుతుంది. 15 సెకన్లు దాటిన ఎక్స్‌పోజర్లున్న రోల్‌ని పది శాతం తక్కువ డెవలప్ చేయడం మంచిది.

మనుషులు అటూఇటూ తిరుగుతున్నా కంగారు పడక్కర్లేదు. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో నడిచి వెళ్లినవాళ్లు ఫిల్మ్ మీదికి రారు. ప్రార్థనకి మోకరించి పది సెకన్లు కదలనివాళ్లే దయ్యంలా పడతారు. వాళ్లు లేచేదాకా నల్ల అట్టని లెన్స్ ముందు తగలకుండా పట్టుకుని, లెక్క ఆపి, తర్వాత కొనసాగించండి. తెల్లచీర, తెల్లచొక్కా ఎండ పట్టెలోంచి వెళ్లినప్పుడు కూడా అట్ట అడ్డం పెట్టాలి, ఒక్క సెకనుకే మరక పడుతుంది.

మన చర్చిల్లో ఇంగ్లండ్ వాళ్లకి లేని తలనొప్పి సీలింగ్ ఫ్యాన్. తిరిగే ఫ్యాన్ పొడవు ఎక్స్‌పోజర్‌లో గాలిలో తేలే బూడిద పళ్లెంలా పడుతుంది. ఆపమని అడిగి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగండి. ట్యూబ్‌లైట్లు కూడా ఆపించండి, లేకపోతే తీగలు, పట్టీలే ముందు కనిపిస్తాయి. వరస తప్పిన ప్లాస్టిక్ కుర్చీలను అనుమతి అడిగి సర్ది, పని అయ్యాక ఉన్నచోటే పెట్టండి. ఇలా ఓపిక పట్టడం కొత్త అలవాటేమీ కాదు. 1903లో వెల్స్ కెథడ్రల్ మెట్లని తీసి పేరు తెచ్చుకున్న ఇంగ్లండ్ ఫోటోగ్రాఫర్ ఫ్రెడరిక్ ఎవాన్స్ వెలుగు కోసం రోజుల తరబడి కాచుకుని కూర్చునే మనిషి.

రంగు అద్దాలు

మెదక్ చర్చికి అంత పేరు తెచ్చింది ఫ్రాంక్ శాలిస్‌బరీ గీసిన పెద్ద రంగు అద్దాల కిటికీలు. నలుపు తెలుపులో ఇవి మోసం చేస్తాయి. కంటికి ఎరుపు, నీలం వేరువేరు, ఫిల్మ్‌కి రెండూ ఒకే బూడిద రంగు కావచ్చు. బొమ్మని నిలబెట్టేది అద్దాల మధ్యనున్న సీసపు నల్లగీతలే. అందుకని కిటికీని విడిగా తీసేటప్పుడు గదిని పూర్తిగా మరిచిపోండి. మధ్యరకం వెలుగున్న అద్దాన్ని కొలిచి ఆ రీడింగే యథాతథంగా ఇవ్వండి. ఎక్కువ ఇస్తే వెలుగు పక్కకి పొంగి సన్నని గీతల్ని తినేస్తుంది. పసుపు ఫిల్టర్ పెడితే నీలం కాస్త దిగి, బంగారు రంగు పైకి లేస్తుంది. గదీ కిటికీ కలిసి ఉన్న ఫ్రేమ్‌లో మాత్రం ఫిల్టర్ తీసేయండి, కిటికీ ప్రతిబింబం ఫిల్టర్‌లో తగిలి చీకటి గోడ మీద రెండో కిటికీలా పడుతుంది. లెన్స్ మీద వేలిముద్ర ఉన్నా అంతే, కిటికీ చుట్టూ పొగ కమ్ముతుంది.

అద్దాల వెనక నేరుగా సూర్యుడుంటే ఒక అద్దం మండిపోయి పక్కవి చల్లారిపోతాయి. మబ్బు వెలుగే సమంగా ఉంటుంది.

మండువా లోగిలి

గోదావరి, కృష్ణా జిల్లాల పాత మండువా ఇళ్లు కొలతకి చిన్నవే గానీ, తీయడానికి చర్చి కన్నా కష్టం. మధ్యలో ఆకాశం, చుట్టూ పంచ, దాని వెనక చీకటి గదులు. మిట్టమధ్యాహ్నం మండువాలో ఎండ పడితే గచ్చుకీ గది వెనక గోడకీ పది స్టాప్‌ల తేడా తేలిగ్గా వస్తుంది. ఎండ చూరు దాటి లోపలికి దిగకముందే, పొద్దున ఏడు గంటల లోపు తీయండి. అప్పుడు ఆకాశపు వెలుగొక్కటే పై నుంచి సమంగా దిగుతుంది, టేకు స్తంభాల మీది చెక్కడం కూడా విడివిడిగా తెలుస్తుంది.

ఎండ పట్టెలే కావాలంటే నెల చూసుకోండి. మే నెలలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఎండ మండువా నేల మీదే నిలువుగా పడుతుంది. డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తే, పైగా దక్షిణాన. ఉత్తరపు పంచ స్తంభాల మీదికి, ఒక్కోసారి గుమ్మం దాకా ఎండ పాకుతుంది. అదే ఇల్లు రెండు వేరు ఇళ్లలా కనిపిస్తుంది.

చూరు కిందికి వాలి ఉంటుంది కాబట్టి నిలబడిన ఎత్తు నుంచి తీస్తే చూరు, పెంకులే ఫ్రేమ్‌ని నింపుతాయి. కెమెరాని కూర్చున్న మనిషి కంటి ఎత్తుకి, సుమారు మూడడుగులకి దించండి. చూరు కిందుగా అవతలి పంచ, తలుపు మీది చెక్కడం కనిపిస్తాయి. దూలాలు, వాసాలు చూపించాలంటే ఎత్తొద్దు. కెమెరాని పూర్తిగా ఆకాశం వైపు తిప్పి, నేల మీద పడుకోబెట్టినట్టు పెట్టి తీయండి. సగం ఎత్తితే వాలినట్టుంటుంది, పూర్తిగా ఎత్తితే నాలుగు చూరుల మధ్య చదరపు ఆకాశం ఒక బొమ్మవుతుంది.

లోపలి గదికి వేరే మార్గం ఉంది. ద్వారబంధాన్ని చట్రంగా వాడి బయటికి చూడకండి. వెలుగు మీ వెనక నుంచి వచ్చేలా గుమ్మంలో నిలబడి లోపలికి చూడండి. గాదె, సందూక పెట్టె, గోడ గూళ్లు చక్కగా వస్తాయి.

బయటి గోడలు

కోఠీలోని పాత రెసిడెన్సీ భవనం 1803లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించినది. ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, పైన ఆకుల చెక్కడం. అలాంటి తెల్ల సున్నపు కట్టడాన్ని మీటర్ బూడిద చేసేస్తుంది. తెల్లగోడని కొలిస్తే ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌లు ఎక్కువివ్వండి. ఆకుల మధ్య లోతు కనబడాలంటే ఎండ పక్క నుంచి రాచుకుంటూ పోవాలి, ఎదురుగా తగిలితే చెక్కడం చదునైపోతుంది. ఉత్తరముఖపు గోడకి హైదరాబాద్‌లో ఆ అదృష్టం వేసవిలోనే. మే రెండోవారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మిగతా నెలల్లో అది నీడగోడే, దాన్ని మబ్బు రోజున మెత్తగా తీయడమే దారి.

ఫిల్టర్లలో పసుపు ఒక స్టాప్, నారింజ సుమారు రెండు, ఎరుపు మూడు స్టాప్‌లు తింటాయి. ఎరుపు పెడితే నీలాకాశం నల్లబడి సున్నపుగోడ మెరుస్తుంది, నిజమే. కానీ నీడలకి వెలుగిచ్చేది కూడా నీలాకాశమే కాబట్టి నీడలు కూడా మూసుకుపోతాయి. పాత ఇళ్లకి నారింజ చాలు. తెల్లగా ఆవిరి పట్టిన ఆకాశాన్ని ఏ ఫిల్టరూ నల్లగా మార్చలేదు. ఆ రోజు ఆకాశాన్ని ఫ్రేమ్ నుంచి తగ్గించి, చెట్టుకొమ్మ అడ్డం పెట్టుకోండి.

మన నీళ్లు, మన ఎండలు

ఎఫ్‌పీ4 ప్లస్‌ని ఐడీ-11 డెవలపర్‌లో (డీ-76 కూడా ఇలాంటిదే) ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. మొదటి పది సెకన్లు, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు ట్యాంకుని తిరగేయాలి. కిటికీలున్న రోల్‌కి 9 నిమిషాలకి దించండి, తీసేటప్పుడే మూడో వంతు స్టాప్ ఎక్కువిచ్చి ఉండాలి.

ఏప్రిల్‌లో కుళాయి నీళ్లు ముప్ఫై దాటుతాయి. 24 డిగ్రీల్లో 11 నిమిషాలు 8కి తగ్గుతుంది, 28 డిగ్రీల్లో ఆరు లోపుకి వస్తుంది. అంత తక్కువ సమయంలో సాదా గోడల మీద, ఆకాశంలో మచ్చలు పడతాయి. రెండు మార్గాలున్నాయి. ఐస్ ముక్కల సంచిని చుట్టూ ఉన్న నీళ్ల బక్కెట్‌లో వేసి చల్లబరచడం ఒకటి, డెవలపర్‌లో మాత్రం ఎప్పుడూ వేయొద్దు. ఒకటికి మూడు పాళ్లు నీళ్లు కలపడం రెండోది. 20 డిగ్రీల్లో 20 నిమిషాలయ్యేది 28లో పది నిమిషాలకి వస్తుంది, చేతికి అదుపు ఉంటుంది. అయితే ఒక్కో రోల్‌కి అసలు డెవలపర్ వంద మిల్లీలీటర్లయినా ఉండాలి, అంటే మొత్తం 400. మూడు వందల మిల్లీలీటర్ల చిన్న ట్యాంకులో ఇది కుదరదు.

రోడినాల్ అనే డెవలపర్‌ని ఒకటికి వంద పాళ్లు కలిపి గంటసేపు కదపకుండా ఉంచే పద్ధతిని కిటికీల సమస్యకి మందని చెబుతుంటారు. చెట్లూపుట్టలకి సరే. నున్నటి గోడల మీద చారలు పడతాయి, మన వేడిలో ఫిల్మంతా కమ్మే బూడిద పొర (ఫాగ్) కూడా తోడవుతుంది. చేయాలనిపిస్తే అరగంటకి ఒకసారైనా మెల్లగా తిరగేయండి.

అన్ని ద్రావకాలూ, కడుగుడు నీళ్లూ దాదాపు ఒకే వేడిలో ఉండాలి. బోరు నీళ్ల ఉప్పు మరకలు ఆకాశం మీదే కనబడతాయి, ఆఖరి ముంచు మాత్రం డిస్టిల్డ్ నీళ్లలో, నీటి చుక్కలు నిలవకుండా చేసే వెటింగ్ ఏజెంట్ ఒకటికి రెండు వందల పాళ్లలో.

ప్రింట్‌లో

గదికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇచ్చాక, అట్టకి కిటికీ ఆకారంలో బెజ్జం చేసి, దానికొక్కదానికే 00 గ్రేడ్ (అతి తక్కువ కాంట్రాస్ట్) ఫిల్టర్‌తో అదనంగా రెండు నుంచి నాలుగు రెట్ల సమయం ఇవ్వండి. అట్టని కదుపుతూ ఉండాలి, ఆపితే అంచు గీత పడుతుంది. గట్టి గ్రేడ్‌తో (ఎక్కువ కాంట్రాస్ట్) ఆ అదనపు వెలుగిస్తే కిటికీ బూడిద అట్టలా చచ్చిపోతుంది.

కాస్త వాలిన నిలువు గీతల్ని కూడా ఇక్కడే సరిచేయొచ్చు. ప్రింట్ కాగితం పెట్టే ఈజిల్‌లో గీతలు దగ్గరపడిన వైపుని కిందికి, ఎడంగా ఉన్న వైపుని పైకి ఉండేలా ఒక పక్క పుస్తకాలు పెట్టి ఎత్తండి. మధ్యలో ఫోకస్ చేసి ఎన్‌లార్జర్ లెన్స్‌ని ఎఫ్ 16కి మూయండి. లెన్స్‌కి దగ్గరైన వైపు త్వరగా నల్లబడుతుంది, ఆ వైపు నుంచి అట్టని నెమ్మదిగా జరుపుతూ తక్కువ వెలుగివ్వాలి. ఐదారు డిగ్రీల వాలు దాటితే ఇది పని చేయదు, గోపురం సాగిపోయి మరీ ఎత్తుగా కనబడుతుంది.